సొరంగంలో గుండె దడ: బండి మానేయాలా, మళ్ళీ ఎక్కాలా?

కోలాబ్ గట్టు, జయపురం | శనివారం రాత్రి 9:10
నాకు ముప్పై ఆరేళ్ళు, బట్టల కొట్టు ఉంది. సరుకు కోసం నెలకొకసారి విశాఖపట్నం వెళ్తాను, ఎప్పుడూ కిరండూల్ బండిలోనే. మూడు నెలల కిందట అరకు దాటాక ఒక సొరంగంలో బండి ఆగింది. పెట్టెలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎదురు సీట్లో ఒకావిడ జామకాయ కోసి పిల్లలకు ఉప్పు అద్ది పెడుతోంది. నాకు మాత్రం ఉన్నట్టుండి గుండె దడ, గొంతు పట్టేసినట్టు, వేళ్ళకు తిమ్మిరి. ఇక అయిపోయింది అనుకున్నాను. తర్వాతి స్టేషనులో దిగిపోయి కారు మాట్లాడుకొని విశాఖలో ఆసుపత్రికి వెళ్ళేసరికి అంతా సర్దుకుంది. పరీక్షలు చేసి "ఏమీ లేదు, గాబరా" అన్నారు. ఆ తర్వాత బండి మానేసి సుంకి ఘాటు మీదుగా బస్సులో వెళ్ళాను. పోయిన నెల ఘాటు మలుపుల్లో బస్సులోనూ అదే. ఈ నెల కొట్లో కుర్రాణ్ణి పంపాను. అత్తగారు ప్రయాణాలే వద్దంటున్నారు, మిత్రుడు బండి ఎక్కి తీరాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాత గార్డు | 9:32
అత్తగారి మాట వినండి బాబూ. రైల్వేలో ముప్పై ఏళ్ళు గార్డుగా చేశాను, ఆ లైనులోనూ తిరిగాను. ఒక్క ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టు కాదు. గుండెపోటు మొదటి గంటల్లో కూడా ఒక్కోసారి అందులో తేడా కనిపించదు. అందుకే కొన్ని గంటల తేడాతో మళ్ళీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూస్తారు. అవి చేశారా? గుండెకు స్కానింగ్, అదే ఎకో, తీశారా? ట్రెడ్‌మిల్ మీద నడిపించారా? సొరంగంలో బండి ఆగితే డాక్టరు ఎక్కడి నుంచి వస్తాడు?

బరంపురం బాబాయి | 9:40
టీ ఎన్నిసార్లు తాగుతారు?

కోలాబ్ గట్టు | 9:47
కొట్లో కూర్చుంటే ఏడెనిమిది గ్లాసులు. గార్డుగారూ, ఈసీజీ రెండుసార్లు తీశారు, రక్తమూ రెండుసార్లు తీశారు. ఎకో కూడా అయింది. షుగరు, బీపీ లేవు.

బరంపురం బాబాయి | 9:49
దొరికింది. టీ మానేయండి. చర్చ ముగిసింది.

గుణుపురం కోడలు | 10:25
ముగియలేదు బాబాయిగారూ. టీలోని కెఫీన్ దడ పెంచుతుంది, తగ్గించుకుంటే మంచిదే. కానీ ఆయన ఇన్నేళ్ళుగా ఆ టీలు తాగుతూనే ఆ సొరంగాలన్నీ దాటారు కదా.

చీకట్లో తాడును చూసి పామనుకుంటాం. పాము అబద్ధమే, ఎగిరి గంతేసిన కాళ్ళు మాత్రం అబద్ధం కాదు. పానిక్ డిజార్డర్ అనే ఈ గాబరా జబ్బులో తాడు ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చాలక కావచ్చు, అప్పు గుర్తుకొచ్చి కావచ్చు, మీ టీ వల్లే కావచ్చు, గుండె నాలుగుసార్లు గట్టిగా కొట్టుకుంటుంది. దాన్ని చావని అర్థం చేసుకుంటాం. ఆ భయానికి అడ్రినలిన్ అనే హార్మోను పొంగుతుంది, దాంతో దడ ఇంకా పెరుగుతుంది. ఊపిరి వేగంగా తీస్తాం కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళ తిమ్మిరి, మూతి చుట్టూ చిమచిమలు, కళ్ళు తిరగడం దానివల్లే. మామూలుగా ఇది పది నిమిషాల్లో తారస్థాయికి చేరి దిగడం మొదలుపెడుతుంది. మీరు స్టేషనులో దిగారు కాబట్టి బతికాననుకున్నారు. దిగకపోయినా తగ్గేది. ఆ సంగతి మీ ఒంటికి తెలిసేదాకా మీరు కూర్చోలేదు, అంతే. ఇప్పటికి బండి పోయింది, బస్సు పోయింది. రేపు ఆదివారం సంత పోతుంది. నాకు అలాగే ఒకదాని వెనక ఒకటి పోయాయి.

పర్లాకిమిడి పంతులు | 10:31
దిష్టి తీయించారా? నవ్వేవాళ్ళు నవ్వుకోండి, మా ఇంట్లో తగ్గింది.

మందుల కొట్టు, రాయగడ | 10:58
థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే దడ, వణుకు వస్తాయి. రక్తం తక్కువైనా దడే. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వల్లా రావచ్చు. రోజూ తాగేవాడు హఠాత్తుగా మద్యం మానేసినా వస్తుంది. ఇవి చూపించుకోండి. ఇంకొకటి. పాత చీటీ పట్టుకొని ఆల్ప్రజోలం అడగడానికి వస్తారు, ఇవ్వనంటే నాతో తగవు. అది అప్పటికప్పుడు భయాన్ని అణిచినా త్వరగా అలవాటైపోతుంది, నెలల తరబడి మింగి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఈ జబ్బుకు రోజూ వేసుకోవాల్సిన వేరే మందులున్నాయి. పని మొదలుపెట్టడానికి వాటికి కొన్ని వారాలు పడుతుంది, కానీ ఎవరికీ ఓపిక లేదు.

పాత గార్డు | 11:15
కోడలమ్మా, మీరు డాక్టరా? పది నిమిషాలని ఎవరు గడియారం పెట్టి చూశారు? గంటసేపు కొట్టుకున్నవాళ్ళను నా కళ్ళతో చూశాను.

గుణుపురం కోడలు | 11:29
తారస్థాయికి చేరడానికి పది నిమిషాలన్నాను. పూర్తిగా తగ్గడానికి అరగంటో గంటో పట్టవచ్చు, నీరసం రోజంతా ఉండవచ్చు. చదవకుండా తప్పు పట్టకండి. మీ గుండె వాదన కొత్తదీ కాదు. 1871లోనే డా కోస్టా అనే అమెరికా డాక్టరు అంతర్యుద్ధ సైనికుల్లో ఈ దడ, ఆయాసం చూసి అది గుండె జబ్బు అనుకున్నాడు. పానిక్ డిజార్డర్ అని విడిగా పేరు పెట్టి అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో చేర్చింది 1980లో. మీరింకా 1871లోనే ఉన్నారు.

పాత గార్డు | 11:41
సైనికుల కథలు నాకెందుకు? ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదివేవాళ్ళకు సొరంగం సంగతి ఏం తెలుసు?

నిర్వాహకుడు | 11:50
ఇద్దరూ వ్యక్తిగత మాటలు మానండి. అడిగినాయన సొరంగం గురించి అడిగారు.

గుణుపురం కోడలు | ఆదివారం ఉదయం 6:20
రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. అవును, ఇంట్లోనే కూర్చున్నాను. ఏడేళ్ళు.

శ్రీకాకుళం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఒడియా రాదు. "ఛాతి ధడధడ" అనడం ఒక్కటే నేర్చుకున్నాను. ఊపిరి ఆగిపోయినట్టుంది, ఒంట్లోంచి నేనే బయటకు వెళ్ళిపోతున్నట్టుంది అని పది మాటలు చెబితే, మా ఆయన డాక్టరుకు "గ్యాస్" అని ఒక్క మాటలో చెప్పేవారు. ఏడేళ్ళలో ఎన్ని ఈసీజీలో. ప్రతిసారీ "ఏమీ లేదు" అనేవారు. ఏమీ లేకపోతే మరి రాత్రి రెండింటికి నిద్రలోంచి లేచి వాకిట్లో పరుగెత్తేది ఎవరు? ఆయన చెడ్డవారు కాదు. బజారు వద్దన్నారు, పుట్టింటి పెళ్ళిళ్ళు వద్దన్నారు, గుడి వద్దన్నారు. అన్నీ ప్రేమతోనే. చివరికి పెరట్లో బావి దాకా వెళ్ళడానికి పిల్లవాడి చెయ్యి పట్టుకునేదాన్ని. వాడికి ఐదేళ్ళు. గార్డుగారూ, "జాగ్రత్త, వెళ్ళకు" అన్న మాట నన్ను ఎక్కడిదాకా తెచ్చిందో మీకు తెలియదు.

పాత గార్డు | 8:05
మా తమ్ముడికి నలభై నాలుగేళ్ళు. పొద్దున ఛాతీ బరువుగా ఉంది, ఎడమ దవడ లాగుతోంది అంటూ ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఊరూ పేరూ చెప్పను. ఈసీజీ తీయలేదు. ఏమీ లేదు, గాబరా, అని మాత్ర ఇచ్చి పంపాడు. సాయంత్రం అన్నం కలుపుకుంటూ పళ్ళెం మీదికి ఒరిగిపోయాడు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వేళ్ళకు మెతుకులు ఆరిపోయి ఉన్నాయి. అందుకే ఆ మాట ఎవరి నోట విన్నా నాకు మండుతుంది.

మందుల కొట్టు, రాయగడ | 8:22
అయ్యో.

గుణుపురం కోడలు | 9:14
క్షమించండి అన్నయ్యగారూ, నాకు తెలియదు. మీ తమ్ముడి విషయంలో మీదే న్యాయం. ఛాతీ బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు, మెట్లెక్కితే పెరిగే నొప్పి, ఇవి ఉంటే గాబరా అని ఎవరూ ఇంట్లో కూర్చోకూడదు. మొదటిసారి వచ్చినప్పుడు ఎవరైనా ఆసుపత్రికే పోవాలి. కానీ ఈయన వెళ్ళారు, అన్నీ చేయించుకున్నారు. ఇంకా ఎన్ని కావాలి?

పాత గార్డు | 9:20
ఎన్ని చేసినా తక్కువే.

గుణుపురం కోడలు | 9:26
ఆ భయం ఈయనది కాదు, మీది.

పర్లాకిమిడి పంతులు | 9:40
ఆయన పోయిన మనిషి గురించి చెబుతుంటే అలా అంటారా అమ్మా?

పాత గార్డు | మధ్యాహ్నం 1:35
అననివ్వండి పంతులుగారూ. బీరువా తెరిచి చూశాను. రిటైరయ్యాక తీయించుకున్న ఎకోలు పదకొండు ఉన్నాయి. అన్నీ బాగున్నాయనే రాసి ఉంది. పన్నెండోదానికి వచ్చే వారం విశాఖ వెళ్ళాలి.

కోలాబ్ గట్టు | 3:10
కోడలు గారూ, మీరు బయటపడింది ఎలా?

గుణుపురం కోడలు | 4:02
విశాఖలో ఒకామె దగ్గర మాటల చికిత్సతో, కొంతకాలం మందుతో. తెలుగులో, మధ్యలో ఎవరూ లేకుండా నేనే మాట్లాడాను. మొదటి రోజే నన్ను గదిలో ఒక్క నిమిషం గబగబా ఊపిరి తీయమంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, దడ వచ్చింది. "ఇప్పుడు పోతున్నావా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత వీధి చివర, బజారు, బస్సు. భయం దిగేదాకా అక్కడే ఉండడం, దిగకముందే పారిపోకపోవడం, అదే పాఠం. ఊపిరి నెమ్మదిగా వదలండి, పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు పట్టాలి. కాగితం సంచిలోకి ఊదడం వద్దు, డాక్టర్లు ఇప్పుడు అలా చేయమని చెప్పడం లేదు. మీరైతే ముందు కోరాపుట్ దాకా వెళ్ళి రండి. అది మామూలైపోయాక అరకు. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే 14416కు ఫోను చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం అది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బులు పడవు.

పాత గార్డు | 4:30
బాబూ, ఏ రోజు వెళ్తారో చెప్పండి. నేనూ వస్తాను.

గుణుపురం కోడలు | 4:34
తోడు ఉంటే అదొక ఊతకర్ర అవుతుంది. రేపు మీరు లేకపోతే ఎక్కరు.

పాత గార్డు | 4:41
మొదటిసారికి ఊతకర్ర ఉంటే తప్పా? రెండోసారి వేరే పెట్టెలో కూర్చుంటాను. మూడోసారి స్టేషనులోనే ఆగిపోతాను.

గుణుపురం కోడలు | 4:45
సరే. కానీ జేబులో మాత్ర పెట్టుకోవద్దని చెప్పండి. మీరూ ఆ ఎకోల కవరు తీసుకురాకండి.

కోలాబ్ గట్టు | గురువారం రాత్రి 8:50
కోరాపుట్ వెళ్ళి వచ్చాను. మధ్యలో ఒకసారి వచ్చింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. గార్డుగారు కిటికీలోంచి ఏ వంతెన ఎప్పుడు కట్టారో చెబుతూనే ఉన్నారు, ఒక్క ముక్కా వినలేదు. దిగేసరికి చొక్కా తడిసిపోయింది.

బరంపురం బాబాయి | 8:57
అదంతా సరే, టీ మానేశారా లేదా?

కోలాబ్ గట్టు | 9:01
కోరాపుట్ స్టేషనులో గార్డుగారే ఇప్పించారు.