ఉప్పు కరిగిందా, మంచు కరిగిందా?

ప్రశ్న (హైదరాబాదు నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. ఎండలు ముదిరినప్పటి నుంచి మా నాలుగేళ్ళ పాపకు మధ్యాహ్నం పూట మంచుగడ్డతో ఆట పెడుతున్నాను. గిన్నెలో నీళ్ళు పోసి, కాసిని బంతిపూల రేకలు, పిడికిలంత ఏనుగు బొమ్మ వేసి రాత్రంతా ఫ్రిజ్ పైఅరలో ఉంచుతాను. మర్నాడు ఆ గడ్డను అంచున్న పళ్ళెంలో బోర్లిస్తే, గోరువెచ్చని నీళ్ళు చెంచాతో పోస్తూ ఏనుగును విడిపించడం తన పని. నిన్న గడ్డ మీద కల్లుప్పు చల్లాము. ఉప్పు పడిన చోటల్లా గుంటలు పడ్డాయి. కాసేపటికి ఉప్పురాళ్ళు మాయమయ్యాయి. "ఉప్పు కరిగింది" అన్నాను. "మరి ఐసు?" అంది. "అదీ కరిగింది" అన్నాను. "రెండూ ఒకటేనా?" అని అడిగింది.

రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. మరి తెలుగులో రెండింటికీ ఒకే మాట ఎందుకు ఉంది? బడి పుస్తకంలోని ద్రవీభవనం అనే మాట ఇప్పుడే చెప్పాలా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

అమ్మా, ఆ మాట ఇప్పుడు చెప్పకండి. అది కష్టమైన మాట కాబట్టి కాదు, దానితో కూడా పాప సందేహం తీరదు కాబట్టి. మంచు నీరు కావడాన్ని ద్రవీభవనం అంటున్నాం, ఉప్పు కలిసిన నీటిని ద్రావణం అంటున్నాం. రెండూ పారడం, పరుగెత్తడం అనే అర్థమున్న 'ద్రు' ధాతువు నుంచి వచ్చినవే. సంస్కృతంలోనూ మూలం ఒకటే, రూపాలే వేరు.

తెలుగు 'కరుగు' సంగతి చూద్దాం. వెన్న కరుగుతుంది, మైనం కరుగుతుంది, ఒంట్లో కొవ్వు కరుగుతుంది, మబ్బు కరుగుతుంది, మనసు కరుగుతుంది. చివరికి కలలు కూడా కరుగుతాయి. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది రూపు పోవడం. ఏ దారిన పోయిందన్నది ఆ క్రియ పట్టించుకోదు. బెల్లాన్ని తీసుకోండి. మూకుట్లో సెగకూ కరుగుతుంది, పానకంలో నీళ్ళకూ కరుగుతుంది. ఆ రెండు పనుల మధ్య తేడా తెలియని వంటమనిషి లేరు. అయినా వేరే క్రియ అవసరమని ఎవరికీ అనిపించలేదు.

దీనికి ఎదురు దిక్కున మన భాష ఎంత నిశితంగా ఉందో చూడండి. నీళ్ళు గడ్డకడతాయి, నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, పాకం ముదురుతుంది. ఒకదాని క్రియ మరొకదానికి పెట్టి "నీళ్ళు తోడుకున్నాయి" అంటే ఏ పల్లెలోనైనా నవ్వుతారు. గట్టిపడడం మన వంటింట్లో జాగ్రత్తగా కనిపెట్టి ఉండవలసిన పని. పాలు తోడుకోకపోయినా, పాకం ముదిరిపోయినా నష్టం. అందుకే అక్కడ ఇన్ని మాటలు పుట్టాయని నా అభిప్రాయం.

మరి తేడా ఎక్కడ చెప్పాలి అంటే, క్రియలో కాదు, దాని పక్కన. సెగకు కరిగింది, ఎండకు కరిగింది అంటే వేడి పని. నీళ్ళలో కరిగింది అంటే కలిసిపోవడం. 'కు', 'లో' అనే చిన్న ప్రత్యయాలే ఈ పని చేస్తున్నాయి. నాలుగేళ్ళ పిల్లకు ఇవి అప్పటికే వచ్చి ఉంటాయి కదా.

జవాబు (చిత్తూరు నుంచి)

మా వైపు తమిళం కూడా వినబడుతుంది కాబట్టి ఒక మాట. తమిళంలో మంచుకు 'ఉరుగు', ఉప్పుకు 'కరై' అని రెండు క్రియలున్నాయి. కన్నడంలో మనలాగే 'కరగు' ఒక్కటే రెండింటికీ సరిపోతుంది.

పైన చెప్పిన 'కు', 'లో' సూత్రం బాగుంది గానీ, ఆ ఆటలో చెల్లదేమో. గోరువెచ్చని నీళ్ళలో గడ్డ వేస్తే అది కూడా "నీళ్ళలో కరిగింది" అనే అంటాం.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

నిజమే, మంచి పట్టు పట్టారు. అయితే మరో పరీక్ష ఉంది. "మంచు కరిగి నీరైంది" అనగలం. "ఉప్పు కరిగి నీరైంది" అనలేం. ఉప్పు ఎంత కరిగినా నీరు కాదు, నీళ్ళలో కలిసిపోతుంది. మనిషి జాలిపడితే కూడా "కరిగి నీరైపోయాడు" అంటాం గానీ కరిగి కలిసిపోయాడు అనం. కాబట్టి పాపకు రెండు జంటలు చెప్పండి: మంచు కరిగి నీరైంది, ఉప్పు కరిగి కలిసిపోయింది. పరాయి మాట ఒక్కటీ లేదు, అబద్ధమూ లేదు.

కలిసిపోయిందని చూపడం కూడా తేలికే. తాగే నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, కనబడకుండా పోయాక చుక్క నాలుకకు రాయండి. కంటికి లేనిది రుచికి ఉంది.

నిన్నటి ఆటలో రెండూ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. గడ్డ పైన పలుచని నీటిపొర ఉంటుంది. ముందు ఉప్పు అందులో కలిసింది. ఉప్పునీరు గడ్డకట్టాలంటే 0 డిగ్రీల చల్లదనం చాలదు, ఇంకా చల్లబడాలి. అందువల్ల ఆ చోట మంచు నీరు కావడం మొదలైంది, గుంట పడింది. ఉప్పు ముందు, మంచు తర్వాత అని చెబితే ఆ పిల్లకు చక్కగా అందుతుంది.

జవాబు (వరంగల్లు నుంచి)

మనుచరిత్ర కథ ఎవరూ ఎత్తలేదేమిటి? ప్రవరుడు కాళ్ళకు పసరు పూసుకుని హిమాలయానికి వెళ్తాడు. అక్కడి మంచునీటికి ఆ పసరు కరిగిపోయి ఇంటికి రాలేక చిక్కుకుంటాడు. మంచు నీరైతేనే పసరు అందులో కలిసిపోతుంది. మీ పాప పళ్ళెంలో జరిగిన రెండు కరగడాలూ ఆ కొండ మీద జరిగాయి. కథంతా దాని మీదే నిలబడింది.

ఇంకొకటి. మైదానాల్లో ఉన్న మనకు ఆకాశం గట్టి మంచును ఇచ్చేది వడగళ్ళ రూపంలోనే. ఇందులోని 'కల్లు' అంటే రాయి. మా ఓరుగల్లులో ఉన్నదీ ఆ రాయే, మీరు చల్లిన కల్లుప్పులో ఉన్నదీ ఆ రాయే. గడ్డి మీద చెమ్మకూ, దారి కమ్మే తెరకూ, హిమాలయం మీది తెలుపుకూ అన్నిటికీ 'మంచు' అనే అన్నాం గానీ, చేతిలోకి వచ్చి గట్టిగా తగిలిన దానికి మాత్రం రాయి పేరు పెట్టాం. వేసవి వానల్లో పిల్లలు ఏరుకుని, అరచేతిలో పెట్టుకుని, ఎవరిది ముందు నీరవుతుందో చూసుకునే ఆట మన ఊళ్ళలో ఫ్రిజ్‌లకు ముందే ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఎంత చక్కగా చెప్పారండీ. పొద్దున పాపే ఒక మాట అంది. గడ్డ పూర్తిగా కరిగాక "ఐసు నీళ్ళయిపోయింది" అని, వెంటనే "ఐసు అయిపోయింది" అని. రెండింటికీ మధ్య ఒక్క 'నీళ్ళు' తేడా. ముట్టుకున్నప్పటి మాటలు కూడా కొన్ని చెబుతారా? నేను 'చల్లగా' దగ్గరే ఆగిపోతున్నాను.

జవాబు (విశాఖపట్నం నుంచి)

తాకగానే జిల్లుమంటుంది. కొరికితే పన్ను జివ్వుమని లాగుతుంది. కాసేపు పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారతాయి, ఇంకాసేపటికి కొంకర్లు పోతాయి. గడ్డ మొదట గరుకుగా ఉండి, చెమర్చాక నునుపై చేతిలోంచి జర్రున జారుతుంది. నీళ్ళు పోస్తే చిటుక్కుమని బీట వారుతుంది. మా రేవులో చేపల వాళ్ళకు పెద్దది ఐసు దిమ్మ, కొట్టి పరిచేది ఐసు ముక్క. ఈ మాటలన్నీ ఆడుతుండగా చెప్పాలి. జిల్లుమన్న క్షణంలో 'జిల్లు' అన్న మాట వినబడితే పిల్లలు ఇక మరువరు.

మొద్దుబారడం అనే మాట దగ్గర ఆట ఆపి చేతులు తుడవండి. ఉప్పు చల్లిన గడ్డను మాత్రం అసలు చేత్తో పట్టనివ్వకండి. ఉప్పు కలిసిన మంచు మైనస్ 20 డిగ్రీల దాకా చల్లబడగలదు, చర్మం కాలినట్టే గాయమవుతుంది. చెంచాతోనే ఆడనివ్వండి. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తడి వేలు గడ్డకు అంటుకుంటుంది, చెమర్చేదాకా ఆగాలి. చిన్న ముక్కలు గొంతుకు అడ్డుపడతాయి కాబట్టి మీరు చేస్తున్నట్టు పెద్ద గడ్డే మేలు. ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళుంటే మరీ జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు

అలాగేనండీ. ఒక్క సందేహం మిగిలింది. హారతి పళ్ళెంలో వాడకుండా వదిలేసిన కర్పూరం బిళ్ళ రోజురోజుకూ చిన్నదైపోతుంది. దాన్నీ కరిగిందనే అంటాం. అది నీరూ కాలేదు, నీళ్ళలోనూ కలవలేదు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

అది మూడో దారి. పుస్తకాల్లో ఉత్పతనం అంటారు. గట్టి వస్తువు నీరు కాకుండానే ఆవిరవుతుంది. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలదీ అదే తీరు. పాపకు "కరిగి గాలిలో కలిసిపోయింది" అనండి. గదిలో వాసన ఉంటుంది కాబట్టి ముక్కుకు సాక్ష్యం దొరుకుతుంది. అయితే కర్పూరం, కలరా ఉండలు రెండూ మింగితే విషం. ఎత్తులో ఉంచి చూపించండి, ఆటలోకి మాత్రం తేవద్దు.