అలలంటే భయం: తీరం దగ్గర చాటైన చేపల చోటు ఎలా వెతకాలి?

చిన్నపడవ:
నాది పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ, వెనక చిన్న ఇంజను. గాలం చిన్నప్పటి నుంచీ వేస్తున్నాను. పడవ నడపడం మొదలుపెట్టి మాత్రం ఏడాదే అయింది. కిందటి నెల మధ్యాహ్నం ఏటి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి లోపలికి వస్తుండగా గాలి లేచింది. ఒక కెరటం పక్కనుంచి కొట్టి నీళ్లు పడవలోకి వచ్చాయి. గాలాల పెట్టె నా పాదాల దగ్గర తేలుతూ అటూ ఇటూ కొట్టుకోవడం ఇంకా కళ్ల ముందే ఉంది. ఇప్పుడు కట్టుతాడు విప్పాలంటేనే చేతులు వణుకుతున్నాయి. అలాగని వేట మానుకోలేను. ఒడ్డుకు దగ్గరలో, అలల తాకిడి తక్కువగా ఉండే చోట్లను పటంలో ఎలా గుర్తుపట్టాలి? అలాంటి చోట అసలు చేపలు ఉంటాయా?

పాతతెడ్డు:
నేనూ మొదటి రెండేళ్లు పాయ దాటి బయటికి వెళ్లలేదు, దిగులు పడకండి.

ఎప్పుడూ చాటుగా ఉండే చోటంటూ ఉండదు. ఈశాన్యపు గాలికి కొండ అడ్డున్న అఖాతమే నైరుతి గాలికి నోరు తెరుచుకుని ఉంటుంది. అందుకే నేను చోటు కంటే ముందు గాలి దిక్కు చూస్తాను. అల ఎంత లేస్తుందన్నది గాలి ఎంత వేగంగా వీచింది, ఎంతసేపు వీచింది, అడ్డు లేకుండా నీటి మీద ఎంత దూరం వచ్చింది అన్నవాటిని బట్టి ఉంటుంది. మీరు ఎంచుకోగలిగేది ఆ దూరం ఒక్కటే. పటం మీద మీ చోటి నుంచి గాలి వచ్చే దిక్కుకు గీత గీయండి. కిలోమీటరులోపే నేల తగిలితే అక్కడ పెద్ద అల పుట్టేంత జాగా లేనట్టే. దూరపు తుపాను పంపే బారు కెరటాల సంగతి వేరు. అవి కొండకొమ్మును, అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొసను, చుట్టి లోపలికి వంగి వస్తాయి. అలకూ అలకూ మధ్య వ్యవధి ఎక్కువ ఉన్న రోజున కొండచాటును నమ్మకండి.

చేపలా? ఉంటాయి. కొమ్ము కొసన పారే నీరు, లోపలి నిలకడ నీరు కలిసే చోట సన్నని నురుగు గీత కనిపిస్తుంది. ఎండుటాకులు, పుల్లలు దాని వెంట వరుసగా తేలుతుంటాయి. చిన్న చేపలు అక్కడ చేరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. గాలం ఆ గీతకు నిలకడ నీటి వైపు వేయండి. మడచెట్ల మధ్య నుంచి వచ్చే పాయల నోళ్లు కూడా మంచివే. నీరు తీసే వేళ, అంటే పాటు సమయంలో, రొయ్యపిల్లలు కొట్టుకువస్తుంటే చేపలు అక్కడే కాపు కాస్తాయి.

ఉప్పుగాలి:
మీరు మొగ దాటినప్పుడు నీరు తీస్తోందా, పోటెక్కుతోందా? ఏటి నీరు బయటికి పారుతుంటే సముద్రపు గాలి ఎదురొచ్చిందంటే, మామూలు గాలికే అలలు నిటారుగా లేచి విరుగుతాయి. ఇసుక మేట మీద మరీ ఎక్కువ. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటలు. అందులో మూడో గంట, నాలుగో గంటల్లో పారుదల జోరుగా ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా ఉద్ధృతం. మీరు పారుదల నెమ్మదిగా ఉండే అష్టమి దగ్గర రోజుల్లో మొదలుపెట్టండి.

చిన్నపడవ:
పోటుపాటుల పట్టిక తీసి చూశాను. సరిగ్గా నీరు తీసే మూడో గంట! గాలి ఎదురు. నెల రోజులుగా నాకు పడవ నడపడమే రాదనుకుంటున్నాను.

పాతతెడ్డు:
ఇంకొకటి, ఇది తప్పక గుర్తుంచుకోండి. నేల మీది నుంచి వీచే గాలికి ఒడ్డు పక్క నీరు అద్దంలా ఉంటుంది. ఆ నునుపు చూసి ముందుకు పోవద్దు. దూరం పెరిగేకొద్దీ అల పెరుగుతుంది, ఇంజను ఆగితే గాలి మిమ్మల్ని సముద్రంలోకే తోస్తుంది. లంగరు వేసే ముందు, ఇంజను ఆగితే ఎటు కొట్టుకుపోతానా అని చూసుకోండి. లంగరు తాడు లోతుకు కనీసం ఐదు రెట్లు వదలాలి, పడవ ముందు కొసకే కట్టాలి. వెనక కట్టిన పడవలోకి అల నేరుగా ఎక్కుతుంది. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. తెల్లని నురుగు తలలు అక్కడక్కడ కనిపించగానే తిరిగి వచ్చేయండి. సముద్రపు గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది కాబట్టి పొద్దున్నే ముగించుకోవడం మేలు.

చిన్నపడవ:
గీత గీశాను. ఉదయపు గాలికి కొండకొమ్ము ఆరు వందల మీటర్లలో అడ్డుంది. కొట్టుకుపోయినా ఎదుట ఉన్నది అదే అఖాతపు ఇసుక ఒడ్డు. మొగ దాటే పనే లేదు. శుక్రవారం అష్టమి, ఏడింటికి నీరు నిలబడుతుంది. ఈసారికి గాలం తీసుకెళ్లను. లంగరు వేసి ఒక గంట కూర్చుని, ఆ నురుగు గీత ఎక్కడ పడుతుందో చూసి వస్తాను.