కోరింగ పనోరమాలో రెయిలింగ్ విరిగింది!

ప్రశ్న: ఆదివారం కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నిలబడి తొమ్మిది ఫొటోలు తీసి, ఫొటోలు అతికే హగిన్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే వెడల్పాటి ఫొటోగా (పనోరమా) కలిపా. దూరపు చెట్లు బాగానే కుదిరాయి. దగ్గరున్న రెయిలింగ్ మాత్రం రెండుచోట్ల విరిగినట్టుంది, ఆకాశం మధ్యలో ముదురు నీలం మచ్చ. చెయ్యి వణికిందంటారా?

జవాబు: చెయ్యి కాదు తమ్ముడూ. మచ్చ పోలరైజర్‌ది (ఆకాశాన్ని ముదురు చేసే లెన్స్ ఫిల్టర్), పనోరమాకి అది తీసెయ్. రెయిలింగ్‌ది పారలాక్స్, అంటే కెమెరా చోటు మారితే దగ్గరి వస్తువులు దూరపువాటి ముందు జరిగినట్టు కనిపించడం: నువ్వు తిరుగుతుంటే కెమెరా నీ చుట్టూ తిరిగింది. లెన్స్ ఉన్నచోటే తిరగాలి.

జవాబు: ఎవరైనా నడిస్తే ఆ చెక్కలు ఊగుతాయి, జనం దాటేదాకా ఆగు. కెమెరా నిలువుగా పట్టు, పక్క ఫొటోతో మూడో వంతు ఓవర్‌ల్యాప్ ఉంచు, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో అన్నిటికీ ఒకటే పెట్టు. పాటు వేళ (నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు) వెళ్తే బురదలోంచి మేకుల్లా లేచిన మడచెట్ల వేళ్లు కనిపిస్తాయి. నాకైతే పిట్టలకన్నా అవే ఇష్టం.

ప్రశ్న వేసినవారు: పోలరైజర్ పెట్టి మర్చిపోయానండీ!