ఏప్రిల్‌లో నేపాల్: ముక్తినాథ్, పూన్‌హిల్ ట్రెక్, భక్తపూర్ జాతర – ఏది ముందు పెట్టుకోవాలి?

ప్రశ్న

నమస్కారమండీ. ఏప్రిల్ 4 నుంచి 15 దాకా మాకు సెలవు దొరికింది. నేను, మావారు, అమ్మ, పిన్ని, నలుగురం నేపాల్ వెళ్దామనుకుంటున్నాం. అమ్మకు 62, పిన్నికి 58. వాళ్లిద్దరికీ ముక్తినాథ్ దర్శనం చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. మా ఇద్దరికీ పూన్‌హిల్ వైపు కొండల్లో నాలుగు రోజులు నడవాలని ఉంది. పైగా అక్కడి కొత్త సంవత్సరానికి భక్తపూర్‌లో రథం లాగుతారట, అది కూడా చూడాలి. మావారేమో ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ అంటున్నారు.

ఏప్రిల్ అంటే వసంతం, వాతావరణం బాగుంటుందని కొందరంటున్నారు. మధ్యాహ్నం వడగళ్లు పడతాయి, పొగమంచులాంటి మసకలో కొండలే కనపడవని ఇంకొందరు. ఏ వరసలో వెళ్తే నలుగురికీ ఇబ్బంది లేకుండా అన్నీ అవుతాయో చెప్పండి. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు

ముందు ఎవరెస్ట్ సంగతి తేల్చేద్దాం. నడక మొదలయ్యే లుక్లా నుంచి బేస్‌క్యాంప్ దాకా వెళ్లి రావడానికే మీ సెలవంతా సరిపోతుంది. బేస్‌క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. తొందరపడి ఎక్కే చోటు కాదు. పైగా వసంతంలో రద్దీ వల్ల లుక్లా విమానాలు చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ జిల్లాలోని మంథలి నుంచి ఎగురుతాయి. అర్ధరాత్రి బయల్దేరి కొండదారిలో అక్కడికి చేరుకోవాలి. పెద్దవాళ్లతో అది వద్దు. మీవారిని ఇంకోసారి విడిగా రెండు వారాల సెలవు పెట్టుకుని వెళ్లమనండి.

మిగతా మూడూ చేయొచ్చు. అయితే వరస ముఖ్యం. చాలామంది ఖాట్మండు గుళ్లన్నీ ముందు చూసేసి కొండలు ఆఖరికి పెట్టుకుంటారు. వసంతంలో అలా చేస్తే ఇబ్బంది. ఒక్క విమానం రద్దయినా తిరుగు ప్రయాణం తలకిందులవుతుంది. విమానం మీద ఆధారపడింది ముందు పెట్టుకోండి, ఒకరోజు కుదించగలిగేది తర్వాత, ఊళ్లో చూసేవి ఆఖరున. అంటే ముక్తినాథ్, ఆ తర్వాత ట్రెక్, చివరికి ఖాట్మండు, భక్తపూర్.

ముక్తినాథ్‌కు పోఖరా నుంచి జోమ్‌సోమ్ దాకా చిన్న విమానం ఉంటుంది. ఇరవై నిమిషాల ప్రయాణం. కానీ అవి పొద్దున పూటే ఎగురుతాయి. ఎండెక్కే కొద్దీ కాళీగండకి లోయలో దక్షిణం నుంచి గాలి ఊపందుకుంటుంది. అటు అన్నపూర్ణ, ఇటు ధవళగిరి, రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండలే. వాటి మధ్య ఇరుకైన సందులోంచి వచ్చే గాలి అది. పదకొండు దాటాక కాగ్‌బేని దగ్గర నది ఒడ్డున నిలబడి చూడండి, ఇసుక సూదుల్లా మొహానికి కొడుతుంది. అమ్మగారికీ పిన్నిగారికీ కళ్లద్దాలు, ముక్కూ నోరూ కప్పుకునేందుకు పల్చటి కండువా తప్పనిసరి.

ఎత్తు విషయం జాగ్రత్త. పోఖరా సుమారు 800 మీటర్లు, జోమ్‌సోమ్ సుమారు 2,700, ముక్తినాథ్ సుమారు 3,700. దిగిన రోజే జీపెక్కి గుడికి పోకండి. మొదటి రాత్రి జోమ్‌సోమ్‌లోనో, దగ్గర్లోని మార్ఫాలోనో, కాగ్‌బేనిలోనో పడుకుని, మర్నాడు పొద్దున్నే ముక్తినాథ్ వెళ్లి, దర్శనం చేసుకుని, రాత్రికి మళ్లీ కిందికే వచ్చేయండి. ఎంత ఎత్తుకు వెళ్లొచ్చామన్నదాని కన్నా ఎంత ఎత్తులో పడుకున్నామన్నదే ఒంటికి ఎక్కువ లెక్క. జీపు గుడి కింది ఊరు రాణీపౌవాలో ఆగుతుంది, అక్కడినుంచి గుడికి ఎక్కుడు దారి. నడవలేకపోతే గుర్రాలు దొరుకుతాయి.

గుడిలోని 108 నీటి ధారల కింద తల పెట్టాలని పెద్దవాళ్లకు పట్టుదల ఉంటుంది. అది మంచు కరిగి వచ్చే నీళ్లలా ఉంటుంది, పైగా గాలి. బీపీ, గుండె సమస్యలుంటే నీళ్లు చల్లుకుని ఊరుకోమనండి, దానివల్ల దర్శనానికి లోటేమీ ఉండదు. స్నానం చేస్తామంటే మాత్రం తువ్వాలు, పొడి బట్టలు, ఉన్ని టోపీ చేతిలో పట్టుకుని మీరు పక్కనే నిలబడండి. బయల్దేరే ముందు ఇద్దరినీ డాక్టరుకు చూపించండి. ఎత్తైన చోట్ల ఇబ్బంది రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా డాక్టరును అడిగాకే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ముక్తినాథ్ ముందు పెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. జోమ్‌సోమ్ వైపు వానలు చాలా తక్కువ. కొండల వెనక పడ్డ ప్రాంతం కదా, మేఘాలు అన్నపూర్ణకు ఇవతలే కురిసిపోతాయి. ఇవతల పోఖరా దగ్గరి లుమ్లేలో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. మీరు నడవబోయే పూన్‌హిల్ దారి ఈ తడి వైపే ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుములు, వడగళ్లు మామూలే. కాబట్టి అక్కడ నెల కన్నా గడియారం ముఖ్యం. ఆరింటికల్లా నడక మొదలుపెట్టి, ఒంటిగంటకు లాడ్జిలో ఉండాలి. ఆ తర్వాత ఎంత కురిసినా మీకేం ఫర్వాలేదు.

మరో జవాబు

పైన చెప్పిన వరస బాగుంది. మసక గురించి నేను చెప్తాను, నాకు బాధ కలిగించే విషయం అదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో అడవులు ఎండిపోయి చాలాచోట్ల తగలబడతాయి. ఆ పొగ లోయల్లో పేరుకుపోతుంది. పోఖరాలో దిగాక ఎదురుగా ఉండాల్సిన మచ్ఛాపుచ్ఛ్రే కొండ కనపడకపోతే నిరాశపడకండి. ఒక్క గట్టి వాన పడితే పొగంతా కడుక్కుపోతుంది. సాయంత్రం వడగళ్లు పడ్డ మర్నాటి తెల్లవారుజామే కొండలు చూడటానికి అన్నిటికన్నా మంచి సమయం. అందుకే ఆ వానను తిట్టుకోవద్దు. ఖాట్మండులో మాత్రం పెద్దవాళ్లకు ఉబ్బసం ఉంటే మాస్కులు పెట్టించండి.

ఇక పూలు. లాలీగురాస్ అంటే మనవాళ్లకు తెలీకపోవచ్చు, నేపాల్ జాతీయ పుష్పం. మొక్క కాదు, పెద్ద చెట్టు. కింద ఎత్తుల్లో ముందు పూసి, ఎండ ముదిరే కొద్దీ పైపైకి పాకుతుంది. మీరు వెళ్లే రోజులకు ట్రెక్ మొదట్లో వచ్చే ఉల్లేరి దగ్గర చాలావరకు రాలిపోయి ఉంటాయి, పైన ఘోరేపాని నుంచి తాడాపాని దాకా అడవిలో ఇంకా ఉంటాయి. ఎక్కే కొద్దీ ఎరుపు పల్చబడి గులాబీ, తెలుపు రంగుల్లోకి మారుతుంది. ఒక్క హెచ్చరిక: రాత్రి వాన పడితే రాలిన రేకలు రాతిమెట్లకు అతుక్కుని ఉంటాయి. వాటిమీద కాలు పడితే బూటు సర్రున జారుతుంది. పువ్వులు చూస్తూ నడవొద్దు, ఆగి చూడండి.

అడిగినావిడ

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మేమిద్దరం ట్రెక్‌లో ఉన్న రోజుల్లో అమ్మనీ పిన్నినీ ఏం చేయాలో తోచడం లేదు. పోఖరాలో వదిలేస్తే వాళ్లకు భాష రాదు, ఫోన్ సిగ్నల్ లేకపోతే మాకు భయం. ఇంకా, ఆధార్ కార్డు చాలా? గైడు తప్పనిసరా?

మొదట జవాబిచ్చినవారు

ఆధార్ చాలదండీ. నలుగురికీ పాస్‌పోర్టుగానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డుగానీ ఉండాలి. 65 దాటినవాళ్లకూ 15 లోపు పిల్లలకూ మాత్రమే ఆధార్‌తో వెసులుబాటు. అమ్మగారికి 62 కదా, ఓటరు కార్డు ఎక్కడుందో ఈరోజే వెతికించండి. అందులో పేరు, టికెట్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడండి. మనకు వీసా అక్కర్లేదు.

అన్నపూర్ణ ప్రాంతానికి అనుమతి పత్రం కావాలి, ముక్తినాథ్ కూడా ఆ పరిధిలోకే వస్తుంది. మనలాంటి సార్క్ దేశాలవాళ్లకు రుసుము మిగతా విదేశీయుల కన్నా తక్కువ. పోఖరాలోనే తీసుకోవచ్చు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ట్రెక్కింగ్‌కు లైసెన్సున్న గైడు ఉండాలని నియమం పెట్టారు. అది అలా ఉంచితే, వడగళ్లు పడేటప్పుడు ఎక్కడ ఆగాలో, ఏ లాడ్జిలో పొయ్యి వెలిగిస్తారో తెలిసిన మనిషి తోడుంటే మీకే నిశ్చింత. డబ్బు మార్పిడికి లెక్కలు వేసుకోవాల్సిన పని లేదు, 1993 నుంచీ మన 100 రూపాయలకు వాళ్ల 160.

ఇంకొకరు

అక్కా, పెద్దవాళ్లను ఘాంద్రుక్‌లో కలుపుకోండి. ఆ ఊరు సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఎత్తు ఇబ్బంది రాదు. పోఖరా నుంచి కిమ్చే దాకా జీపు వస్తుంది, అక్కడినుంచి రాతిమెట్ల మీద నిదానంగా గంట నడక. మీరు మొదటిరోజు జీపులో ఉల్లేరి దాకా వెళ్లి, నడిచి ఘోరేపాని చేరండి. మర్నాడు తెల్లవారుజామున పూన్‌హిల్ ఎక్కి, దిగి, తాడాపానిలో పడుకోండి. మూడోరోజు మధ్యాహ్నానికి ఘాంద్రుక్. అంటే వాళ్లు పోఖరాలో మీరు లేకుండా ఉండేది రెండే రాత్రులు. వాళ్లు దిగిన హోటల్‌వాళ్లతో జీపు ముందే మాట్లాడించి, గైడు నంబరు కూడా అమ్మ చేతిలో కాగితం మీద రాసి ఇవ్వండి. గురుంగులనే తెగవాళ్ల ఊరది, పలకరాళ్లు కప్పిన ఇళ్లు, వరండాలో కూర్చుంటే ఎదురుగా అన్నపూర్ణ సౌత్. నడవకుండానే వాళ్లు కూడా కొండలు చూస్తారు. మీ ట్రెక్‌లో వాళ్లకూ వాటా దక్కుతుంది, నాకు అది అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది.

జోమ్‌సోమ్ విమానం ఒకరోజు రద్దయితే తాడాపాని వైపు వదిలేసి, పూన్‌హిల్ చూసుకుని వచ్చిన దారినే దిగిపోండి. రోజు కలిసొస్తుంది. అప్పుడు ఘాంద్రుక్ తప్పిపోతుంది కాబట్టి అమ్మావాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

పూన్‌హిల్ 3,210 మీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు తలలైట్ల వరసలో ఎక్కాలి. చెమట పట్టి, పైన ఆగగానే వణుకు మొదలవుతుంది. మందపాటి జాకెట్టు ఎక్కేటప్పుడు వేసుకోకండి, సంచిలో పెట్టుకుని పైకి చేరాక వేసుకోండి. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల చలి పెరుగుతుంది, పోఖరాలో చొక్కా చాలు కదా అని మోసపోవద్దు. ఉరుము వినపడితే మాత్రం శిఖరం మీదా, అక్కడున్న వ్యూ టవర్ మీదా ఉండొద్దు.

అడిగినావిడ

ఘాంద్రుక్ ఆలోచన అమ్మకు చెప్పాను, తెగ సంబరపడింది. భక్తపూర్ జాతరలో రద్దీ ఎలా ఉంటుంది? పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

రెండో జవాబిచ్చినవారు

తీసుకెళ్లొచ్చు, కానీ గుంపులోకి కాదు. బిస్కెట్ జాత్ర కొత్త సంవత్సరానికి ముందే మొదలై తొమ్మిది రోజులు ఉంటుంది. వాళ్ల కొత్త సంవత్సరం, అంటే వైశాఖం మొదటి రోజు, ఏప్రిల్ 13నో 14నో వస్తుంది. తౌమాఢి చౌక్‌లో, న్యాతపోల గుడి ముందు భైరవుడి రథానికి రెండు వైపులా తాళ్లు కట్టి, ఎగువ పేటవాళ్లొకవైపు, దిగువ పేటవాళ్లొకవైపు లాగుతారు. రథం ఎటు ఒరుగుతుందో ఎవరికీ తెలీదు. ఏడాది చివరి రోజున ఎత్తైన లింగం అనే స్తంభాన్ని నిలబెట్టి, కొత్త సంవత్సరం రోజున పడదోస్తారు. అది పడే చోటికి, రథచక్రాల దగ్గరికి పోనే కూడదు. గాయాలైన సందర్భాలున్నాయి. చౌక్ చుట్టూ పై అంతస్తుల్లో టీ తాగే చోట్లున్నాయి, మధ్యాహ్నం వెళ్లి కిటికీ దగ్గర కుర్చీలు పట్టుకోండి. పాత ఊళ్లోనే గది తీసుకుంటే రాత్రి వాహనం కోసం అవస్థ ఉండదు.

మర్నాడు పక్కనే ఉన్న థిమీలో సింధూర జాత్ర. బాజాలతో పల్లకీలు తిప్పుతూ నారింజ రంగు సింధూరం చల్లుకుంటారు. మీ సెలవు ఒక్కరోజు పెంచుకోగలిగితే అది చూడండి, పశుపతినాథ్ కూడా నింపాదిగా అవుతుంది. అక్కడ తోలు బెల్టులు, పర్సులు లోపలికి తీసుకుపోనివ్వరు, గదిలోనే వదిలి వెళ్లండి. గర్భగుడి వైపు ఫొటోలు తీయనివ్వరు.

అడిగినావిడ

సెలవు 16 దాకా పెంచుకున్నామండీ. ఆఖరి ప్రశ్న. నాకు మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పి. తాడాపాని నుంచి ఘాంద్రుక్ అంతా దిగుడేనా?

ఇంకొకరు

చాలావరకు దిగుడే అక్కా, అడవిలో. రెండు చేతికర్రలు పోఖరాలో అద్దెకు దొరుకుతాయి. దిగేటప్పుడు కర్రలు కాస్త పొడవు పెంచుకుని, కాలు వేయకముందే కింది మెట్టు మీద ఆనించండి. బూట్లు కొత్తవైతే ఇప్పటినుంచే రోజూ వేసుకుని ఇంటి మెట్లు ఎక్కి దిగుతూ ఉండండి. దిగే ముందు తాళ్లు గట్టిగా బిగించుకోకపోతే బొటనవేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. సామాను పోర్టరుకిచ్చేసి, మీ వీపున నీళ్లు, వానకోటు, జాకెట్టు మాత్రం ఉంచుకోండి.