మన తీరం మీద చేసిన పరిశోధన మన ఊళ్లకు తిరిగి రావాలన్న నిబంధన కావాలా, వద్దా?

కాకినాడ కామర్స్ మాస్టారు

ముందు విషయం చెప్పేస్తాను, తర్వాత వాదించుకుందాం. కోరింగ మడ అడవుల్లో గానీ, హోప్ ఐలాండ్ చుట్టుపక్కల గానీ, మన రొయ్యల చెరువుల మీద గానీ ప్రభుత్వ సొమ్ముతో పరిశోధన చేసినవాళ్లు, తాము కనుక్కున్నదేమిటో తెలుగులో రాసి, సమాచారం ఇచ్చిన ఊళ్లకు అందజేయాలి. అది అందాకే గ్రాంటు ఆఖరి విడత విడుదల కావాలి. మత్స్యశాఖకూ విశ్వవిద్యాలయాలకూ ఈ మేరకు అర్జీ పెట్టాలని కొందరం అనుకుంటున్నాం. మీ అభిప్రాయాలు కావాలి.

నేను డిగ్రీ పిల్లలకు బిజినెస్ కమ్యూనికేషన్ చెబుతాను. ఉత్తరం అందుకున్నవాడు దాంతో ఏం చేయగలడో ఆలోచించి రాయండని మొదటి రోజే చెబుతాం. పరిశోధనకు వచ్చేసరికి ఆ పాఠం ఎవరికీ గుర్తుండదు. కుంభాభిషేకం రేవులో పొద్దున్నే చూడండి. పడవ ఆనగానే స్కేలూ ఫారాలూ పట్టుకుని పరిశోధక విద్యార్థులు నిలబడతారు. కానాగంత చేపల పొడవు కొలుస్తారు, పొట్ట కోసి గుడ్డు ఎంతవరకు వచ్చిందో చూస్తారు. ఎన్ని బారల లోతులో వల వేశారు, పోటు మీద వెళ్లారా పాటు మీద వెళ్లారా అని అడుగుతారు. ఐస్ కరిగిపోతున్నా, పాటదారు పిలుస్తున్నా మనవాళ్లు నిలబడి జవాబు చెబుతారు. ఆ జవాబులన్నీ ఇంగ్లీషు వ్యాసమై ఎక్కడో అచ్చవుతాయి. చెప్పినవాళ్లకు మాత్రం కబురు ఉండదు.

తెలుగులో సాధ్యం కాదనేవాళ్లకు ఒక్క ఉదాహరణ. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లోనే వచ్చింది. రైతుల నోటి మాటలు జిల్లాల వారీగా సేకరించి అచ్చువేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో అయిన పని ఇవాళ ఎందుకు కాదు?

మడ అడవి పరిశోధక విద్యార్థిని

మాస్టారూ, మీ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. తప్పనిసరి అన్నారు చూడండి, గ్రాంటు ఆపాలన్నారు చూడండి, అక్కడే పేచీ.

ఆఖరి విడత అంటే చాలామంది స్కాలర్లకు ఆగిపోయిన ఫెలోషిప్పు డబ్బు, పడవవాళ్లకు పెట్టిన బాకీ. దాన్ని ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంగ్లీషు సారాంశాన్ని యంత్రానువాదంలో వేసి, రెండు పేజీలు ప్రింటు తీసి, పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రశీదు తెచ్చుకుంటారు. అలాంటి కాగితం చదివిన మత్స్యకారుడికి సైన్సు మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

రెండోది ఇంకా పెద్ద సంగతి. కోరింగ అభయారణ్యంలో నీటికుక్కలు ఏ కాలువ గట్టున బొరియలు పెడుతున్నాయో, బావురుపిల్లి ఎక్కడ తిరుగుతోందో, పులస ఏ రేవు దగ్గర గుడ్లు పెడుతోందో మేం గుర్తించామనుకోండి. అది ఊరూరా పంచమంటారా? గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే పులస ఎదురీదుతుంది. ధవళేశ్వరం దాకా వచ్చే ఆ చేపకు పలికే ధర మీకు తెలియనిది కాదు. చోటు పేరు కాగితం మీదకు ఎక్కితే ఆ చోట వల పడుతుంది.

మూడోది భాష. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. అయినా బురద పొరల్లో కర్బనం లెక్క గురించి తెలుగులో రాయాలని కూర్చుంటే నాలుగు వాక్యాలకు ఒక పూట పడుతుంది. రాయలేనని అనడం లేదు. ఆ పూటకు విలువ కట్టేవాళ్లు ఎవరని అడుగుతున్నాను.

భీమవరం వైపు చెరువు రైతు

అమ్మా, మీరు చెప్పినవన్నీ నిజమేనండి. మా వైపు సంగతి కూడా వినండి.

రొయ్య పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష చేయిస్తాం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా వాళ్ల ల్యాబుల్లో చేస్తారు. చేతికి ఒక కాగితం వస్తుంది. పైన చెరువు నంబరు, కింద క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ రకాలు, పక్కన పీపీబీ అని అంకె. ఒక పీపీబీ అంటే వంద కోట్ల వంతుల్లో ఒక వంతండి. అంత చిన్న లెక్క మీద నా పంట అమ్ముడవుతుందో లేదో తేలుతుంది. ఆ కాగితంలో తెలుగు అక్షరం లేదు. దాని అర్థం నాకు చెప్పేదెవరు? మేత కంపెనీ టెక్నీషియను. ఆయనే మందులూ అమ్ముతాడు. రొయ్యకు విబ్రియో అనే బ్యాక్టీరియా రోగం వచ్చిందని చెప్పేదీ ఆయనే, ఏ డబ్బా పొయ్యాలో చెప్పేదీ ఆయనే. డబ్బా మీద ఏముందో మాకు చదవరాదు. రేపు నిషేధించిన మందు బయటపడితే సరుకు వెనక్కి కొట్టేది నాది.

తొంభైల్లో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య కొట్టుకుపోయినప్పుడూ ఇదే కథండి. వైరస్ ఎలా పాకుతుందో శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారట, మా గట్టు మీదకు ఆ మాట రాలేదు. రోగమొచ్చిన చెరువు నీళ్లు కాలువలోకి వదిలేసేవాళ్లు, కింద చెరువువాడు అవే నీళ్లు తోడుకునేవాడు. 2009లో వెన్నామీ అనే వేరే రకం రొయ్యకు అనుమతి వచ్చాక కొంత మారింది, సొసైటీలు పెట్టి చెప్పడం మొదలెట్టారు. అప్పటికి ఎంతమంది పొలాలు అమ్ముకున్నారో ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు.

మీ పరిశోధన తెలుగులో రాకపోతే ఆ జాగా ఖాళీగా ఉండదమ్మా. సరుకు అమ్ముకునేవాడి మాట వచ్చి కూర్చుంటుంది. నా ఓటు మాస్టారికే.

జగన్నాథపురం బోటు వాళ్లబ్బాయి

నేనూ తప్పనిసరి అనే అంటాను. కారణం తాబేలు.

మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ట్రాలు వలలో పడితే ఊపిరాడక చస్తాయి. అవి బయటపడేలా వలకు టెడ్ అనే కమ్మీల చట్రం పెట్టాలని అమెరికా చట్టం. మనవాళ్లు సరిగా పెట్టడం లేదని 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా కొనడం లేదు. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు, దెబ్బ మొత్తం బోటువాళ్ల మీద పడింది. చట్రం నమూనాలు కొచ్చిలో తయారుచేశారు. ఎంత రొయ్య తప్పించుకుంటుంది, ఎంత నిలబడుతుంది అని లెక్కలు కూడా తీశారు. మా నాన్న బోటు మీదకు మాత్రం 'పెట్టకపోతే జరిమానా' అన్న మాట ఒక్కటే వచ్చింది. చట్రం పెడితే సగం పట్టు పోతుందని రేవంతా అనుకున్నారు. పోయేది ఎంతో శాస్త్రవేత్తలు కొలిచే ఉన్నారని మావాళ్లకు తెలిస్తే ఆ గొడవ వేరేలా నడిచేది.

ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లను చూడండి. ఉపగ్రహం నుంచి సముద్రం పైనీటి వేడి, పచ్చదనం చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు వెళ్తే చేప ఉండే అవకాశముందో, అక్కడ లోతెంతో తెలుగులోనూ చెబుతారు. సైన్సు ఏమీ పలచబడలేదు. మా నాన్న మీటర్లను బారల్లోకి మార్చుకుని వెళ్తాడు.

అక్కా, పులస చోట్ల గురించి మీ భయం అర్థమైంది. కానీ ఆ చోట్లు మీకు చూపించింది ఎవరు? పడవ నడిపిన మావాళ్లే కదా. మాకు తెలియకుండా దాచేదేమీ లేదు. పైవాళ్లకు, బేరగాళ్లకు తెలియకూడదంటే ఒప్పుకుంటాను.

ఇంకొకటి, రాసి ఇస్తే సరిపోదు. మా అమ్మ చేపల గంప మోస్తుంది, చదువు రాదు. ఐదు నిమిషాల మాట రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి, రేవంతా వింటుంది.

కూనవరం నుంచి, ఇప్పుడు రాజమండ్రిలో

అందరూ తెలుగు తెలుగు అంటున్నారు. నా మాట కొంచెం కష్టంగా ఉంటుందేమో, అయినా చెప్పాలి.

మాది కోయ కుటుంబం. శబరి గోదావరిలో కలిసేచోట పెరిగాను. డెల్టాకు వచ్చే నీరూ ఒండ్రూ మా కొండల మీదుగానే దిగుతాయి. పోలవరం కోసం మా వైపు ఊళ్లు లేపుతున్నప్పుడు సర్వేలకు వచ్చినవాళ్లు తెలుగులోనే అడిగారు, తెలుగులోనే రాసుకున్నారు. తెలుగు సరిగా రాని ముసలివాళ్ల తరఫున పక్కనున్న ఎవరో జవాబు చెప్పారు. ఏ చేప ఏ మడుగులో దొరుకుతుందో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో మా పెద్దలు కోయలో చెప్పినవి ఏ ఫారంలోనూ ఎక్కలేదు. ఇంగ్లీషు మీకు ఎంత దూరంగా ఉందో, మీ తెలుగు నివేదిక మా అవ్వకు అంతే దూరం.

ఇది కొండల మీది సంగతే అనుకోకండి. డెల్టా ఊళ్లలో ఎరుకల కుటుంబాలున్నాయి, వాళ్లకు వేరే భాష ఉంది. పూరీ పెంటకోటలో మన తెలుగు మత్స్యకారులు వేలమంది ఉన్నారు. వాళ్లను పరిశోధించినవాళ్లు ఒడియాలో మాత్రమే కాగితం ఇస్తే మాస్టారు ఊరుకుంటారా?

మన రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, కువి, సవర వంటి భాషల్లో తెలుగు లిపితో చిన్నపిల్లలకు వాచకాలు వేశారు. చేయగలమని అప్పుడే తేలింది. అర్జీలో 'తెలుగు' అన్న మాట కొట్టేసి, 'సమాచారం ఇచ్చినవాళ్ల భాష' అని రాయండి. లేకపోతే నా సంతకం ఉండదు.

మడ అడవి పరిశోధక విద్యార్థిని

తమ్ముడూ, టెడ్ సంగతి నా దగ్గరకు ఇంత సూటిగా ఎవరూ తేలేదు. రికార్డు చేసి పంపడం రాయడం కన్నా నాకూ తేలిక. ఆ షరతుకు ఒప్పుకుంటాను.

చోట్ల విషయంలో ఇప్పటికే ఒక దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి, ఊరివాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మేం కనుక్కున్నవి ఆ కమిటీకి అప్పగిస్తే, ఏది బయట పెట్టాలో ఏది పెట్టకూడదో ఊరే నిర్ణయిస్తుంది. చాలాచోట్ల ఆ రిజిస్టర్‌ను ఎవరో కన్సల్టెంటు ఆఫీసులో కూర్చుని నింపేస్తున్నారన్నది నా ఫిర్యాదు. మన అర్జీలో అది కూడా అడగాలి.

గ్రాంటు ఆపడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. డబ్బు ఆపేబదులు ముందే కేటాయించండి. ప్రాజెక్టు బడ్జెట్టులో పడవ కిరాయికీ రసాయనాలకూ పద్దులున్నాయి. ఊరికి తిరిగి చెప్పడానికి పద్దు లేదు.

కాకినాడ కామర్స్ మాస్టారు

కూనవరం అమ్మాయి అడిగిన మార్పు చేస్తున్నాను. అర్జీలో 'తెలుగు' బదులు 'సమాచారం ఇచ్చినవారు మాట్లాడే భాష' అని ఉంటుంది. మాట రికార్డు చేయడం, రిజిస్టర్ కమిటీకి అప్పగించడం, బడ్జెట్టులో పద్దు, ఈ మూడూ చేరుస్తున్నాను.

ఆఖరి విడత షరతు మాత్రం తీయను. పద్దు ఇచ్చినంత మాత్రాన పని జరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఖర్చు రాసి బిల్లులు పెట్టడం మన ఆఫీసుల్లో అందరికీ వచ్చిన విద్యే. ఊళ్లో కూర్చోబెట్టి చెప్పినట్టు, విన్నవాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చినట్టు గ్రామసభ రాసి ఇవ్వాలి. అప్పుడే విడత.

భీమవరం వైపు చెరువు రైతు

మాస్టారూ, గ్రామసభ సంతకమంటే సర్పంచి సంతకమండి. రేపు సర్పంచి మేత డీలరు కూడా అయితే? మా మండలంలో అలాంటివాళ్లు ఉన్నారు. సంతకం రైతు సొసైటీదో మత్స్యకార సంఘానిదో పెట్టండి. ల్యాబు కాగితం, మందు డబ్బా మీది రాత కూడా ఇదే అర్జీలో చేర్చండి, దాన్ని వేరుగా పెడదామంటే మళ్లీ ఎవరూ పట్టించుకోరు.

కూనవరం నుంచి, ఇప్పుడు రాజమండ్రిలో

మార్చినందుకు సంతోషం మాస్టారూ. పునరావాస కాలనీల్లో మాకు సొసైటీ లేదు, సంఘమూ లేదు. మా తరఫున సంతకం ఎవరు పెట్టాలో అది తేల్చి పంపండి, అప్పుడు నేనూ పెడతాను.