పేగువాపు తిరగబెట్టే ముందు ఎగ్జిమా: రెండింటికీ సంబంధం ఉందా?

నా వయసు 38. 2021 నుంచి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది, పేగువాపు తగ్గించే మెసలమైన్ మందు రోజుకు 2.4 గ్రాములు వాడుతున్నాను. ఏడాదిగా మోచేతి మడతల్లో, పిక్కల మీద ఎగ్జిమా (చర్మం వాచి దురదపెట్టే జబ్బు). కలవరపెడుతున్నది దాని క్రమం: దురద మొదలైన ఐదారు రోజులకే రక్తవిరేచనాలు తిరగబెడుతున్నాయి. ఇలా నాలుగుసార్లు జరిగింది, తేదీలు రాసిపెట్టుకున్నాను.

తామరేమోనని చర్మం గీరి పరీక్షించారు, ఫంగస్ లేదు. దురద కాలేయం వల్లనేమోనని చేసిన రక్తపరీక్షల్లో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉన్నాయి. మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ పూతమందు రెండు వారాలు రాస్తే తగ్గింది, ఆపిన పది రోజులకు మళ్ళీ వచ్చింది. ఆరు వారాలు పాలు మానేసినా తేడా లేదు. చర్మవైద్యులు పేగుల సంగతి అడగరు, పేగుల వైద్యులు చర్మం చూడరు. రాత్రిళ్ళు దురదతో నిద్ర ఉండడం లేదు.

పేగువాపు మందు మార్చాక ఎగ్జిమా కూడా తగ్గినవారు ఉంటే, ఏ మందుతో, ఎన్ని వారాలకు తగ్గిందో దయచేసి చెప్పగలరా?