రెండు షిఫ్టులు కలిపాక ఎవరూ ఎవరినీ నమ్మడం లేదు

ప్రశ్న (మిర్యాలగూడ):
రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. యాసంగి వడ్లు రాకముందే ఓనరు రెండు షిఫ్టుల వాళ్లను కలిపేశాడు. మొదట్లో అందరూ "అన్నా, అన్నా" అని మర్యాదగానే ఉన్నారు. ఇప్పుడు నూక ఎక్కువొస్తే డ్రయ్యర్ అతను తేమ చూసే పిల్లగాడిని తిడతాడు. వాడేమో వేడి ఎక్కువ పెట్టారంటాడు. గేటు బయట ట్రాక్టర్ల లైను, నాకు టెన్షన్. మళ్లీ విడదీయమంటారా?

జవాబు (జడ్చర్ల, మందుల కంపెనీ):
వద్దన్నా. కొట్లాట మొదలైతే టీం చెడినట్టు కాదు. బ్రూస్ టక్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1965లోనే చెప్పాడు: జట్టు ముందు కలుస్తుంది, తర్వాత గొడవపడుతుంది, ఆపైన పద్ధతులు కుదురుతాయి, అప్పుడు పని సాగుతుంది. విడిపోవడాన్ని ఐదో దశగా 1977లో చేర్చారు. మీరు మనుషుల్ని మారిస్తే మళ్లీ మొదటికే.
బండి దిగేటప్పుడు తేమ రీడింగు ఇద్దరూ కలిసి చూడాలి. అదీ, డ్రయ్యర్ వేడీ ఒకే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. వడ్లు మరీ వేడిగా, తొందరగా ఆరితే గింజ లోపలే పగులుతుంది కదా. నూక వచ్చిన రోజు మనిషిని నిలదీయకుండా పుస్తకం తెరవండి.

జవాబు (నల్గొండ):
దశలు సరే గానీ, ఓవర్‌టైం అందరికీ ఒకటే రేటా? తేడా ఉంటే ఏ సంతకమూ పనిచేయదు. హమాలీలనూ కూర్చోబెట్టి అడగండి, ఏ లాటు తడిసిందో వాళ్లకే ముందు తెలుస్తుంది.

అడిగినవారు:
రేట్లలో తేడా ఉంది సార్. అది నా చేతిలో లేదు, రేపు ఓనరుతో మాట్లాడతా. పుస్తకం మాత్రం ఈ రాత్రి నుంచే.